రోడ్ బైక్‌కి మ్యాచింగ్ షూ ఎలా ఎంచుకోవాలి: అంచు చూసి కొనండి

అమ్మతో పాటు మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లినవాళ్లందరికీ ఈ సీను తెలుసు. చీర కౌంటర్ మీద పరుస్తారు. షాపాయన వెనక అరల్లోంచి ఎర్ర తాన్లు ఎనిమిది లాగి ముందు పడేసి, "పర్‌ఫెక్ట్ మ్యాచింగ్ అమ్మా" అంటాడు. అమ్మ ఏమీ అనదు. చీర చెంగు ఒక చేత్తో, గుడ్డ కొస ఇంకో చేత్తో పట్టుకుని గుమ్మం దాకా నడుస్తుంది. బయటి వెలుతురులో రెండూ పక్కపక్కన పెట్టి చూసి, "దీని ఎరుపు వేరు" అంటూ వెనక్కి వస్తుంది.

చిన్నప్పటి నుంచి చూసిన ఈ చదువంతా మొదటిసారి సైకిల్ షూ కొన్నప్పుడు మర్చిపోయాను. నాది రోడ్ బైక్, అంటే వంచిన హ్యాండిల్, సన్న టైర్లు ఉండే వేగం సైకిల్. ముదురు ఎరుపు, దానిమ్మగింజ రంగు. ఆన్‌లైన్‌లో 'రెడ్' అని ఉన్న షూ ఆర్డర్ పెట్టాను. వచ్చినవి టమాటా రంగు. విడివిడిగా చూస్తే రెండూ బాగున్నాయి. పక్కపక్కన పెడితే బైక్ మాసిపోయినట్టు, షూ బొమ్మల కొట్లోంచి తెచ్చినట్టు. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "రెండూ ఎరుపే కదరా, ఎందుకలా కొట్టుకుంటున్నాయి?" అంది. డబ్బు పోసి కొన్నాను కాబట్టి రెండేళ్లు వాటితోనే తొక్కాను.

మీకు ఆ గతి పట్టకుండా ఉండాలంటే ఈ వరసలో వెళ్లండి.

ముందు పెడల్ కింద చూడండి

రంగు సంగతి తర్వాత. రోడ్ బైక్‌లకి వేసేవి క్లిప్‌లెస్ పెడల్స్. షూ అడుగున క్లీట్ అనే ముక్క బిగిస్తే అది పెడల్‌లోకి దిగి పట్టుకుంటుంది. వీటిలో ఎక్కువ కనిపించేవి షిమానో కంపెనీ ఎస్‌పీడీ-ఎస్‌ఎల్, లుక్ కంపెనీ కియో. రెండింటి క్లీట్‌కీ మూడు బోల్టులు. షూ అడుగున త్రికోణంలా మూడు రంధ్రాలు ఉంటే ఇవి పడతాయి. మౌంటెన్ బైక్‌ల నుంచి వచ్చిన ఎస్‌పీడీకి రెండు బోల్టులే. క్లీట్ చిన్నది, అడుగులోకి ఒదిగిపోతుంది, కాబట్టి మామూలుగా నడవొచ్చు. స్పీడ్‌ప్లే అనే ఇంకో రకానికి నాలుగు. మధ్యలో టీ కొట్టు దగ్గర దిగి నాలుగడుగులు వేసే అలవాటున్నవాళ్లు రెండు బోల్టుల వైపు కూడా ఒకసారి చూడండి. మూడు బోల్టుల క్లీట్‌తో టైల్స్ మీద నడవడమంటే తడి గచ్చు మీద కొత్త హవాయి చెప్పులతో నడిచినట్టే.

ఇక్కడే ఒక ముచ్చట చెప్పాలి. ఎర్ర బైక్ కదా అని ఎర్ర క్లీట్లు అడిగేవాళ్లు ఉన్నారు. క్లీట్ రంగు పెట్టింది మ్యాచింగ్ కోసం కాదు. తొక్కేటప్పుడు మడమ ఎంత అటూ ఇటూ కదలొచ్చో చెప్పే గుర్తు అది. షిమానోలో ఎరుపు అంటే సున్నా డిగ్రీలు, కాలు బిగించేసినట్టే. నీలం 2 డిగ్రీలు, పసుపు 6 డిగ్రీలు. లుక్ కియోకి వస్తే నలుపు సున్నా, బూడిద రంగు 4.5, ఎరుపు ఏకంగా 9 డిగ్రీలు. అంటే ఒక కంపెనీ ఎరుపు మడమని అసలు కదలనివ్వదు, ఇంకో కంపెనీ ఎరుపు అన్నిటికంటే ఎక్కువ వదులిస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు షిమానో అయితే పసుపుతో ఉండండి. అందం కోసం సున్నా డిగ్రీల క్లీట్ పెట్టుకుంటే ఆ ముచ్చట మోకాలి నొప్పితో తీరొచ్చు. పైగా బైక్ మీద ఉన్నప్పుడు క్లీట్ ఎవరికీ కనపడదు.

సైజు: ఈ విషయంలో రాజీ వద్దు

సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. తొక్కేటప్పుడు వేసుకునే సాక్స్ తీసుకెళ్లండి. మడమ లేవకూడదు, వేళ్లు ముందుకి తగలకూడదు, పక్కల నుంచి నొక్కకూడదు. పాదం ముందు భాగం వెడల్పుగా ఉన్నవాళ్లు 'వైడ్' మోడల్ అడగాలి. తీరా అడిగితే వాటిలో రంగులు తక్కువ, తరచుగా నలుపో తెలుపో ఉంటాయి. నచ్చిన రంగు మామూలు సైజులోనే ఉందని కాలు ఇరికించారంటే గంట తిరిగేసరికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. వైడ్‌లో నలుపొక్కటే ఉందంటే నలుపే తీసుకోండి. నలుపుతో చాలా చేయొచ్చు, కింద చెప్తాను.

బైక్‌కి ఒక ఫొటో తీయండి

చెయిన్ ఉన్న వైపు నుంచి, సాదా గోడ ముందు, ఎండ నేరుగా పడని చోట పెట్టి తీయండి. నేరుగా ఎండ పడితే పెయింట్ మెరిసి అసలు రంగు తెల్లబోతుంది. ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫొటో అసలు నమ్మొద్దు.

ఇప్పుడు ఫొటో చూస్తూ ఒక కాగితం మీద రాయండి: ఫ్రేమ్ రంగు, ఫ్రేమ్ మీద అక్షరాల రంగు, బార్ టేప్ (హ్యాండిల్‌కి చుట్టే పట్టీ), సీటు, టైరు పక్క గోడ, క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ), రిమ్. చాలా బైక్‌ల్లో ఈ జాబితాలో సగం పైగా నలుపే ఉంటుంది. మనం 'నీలం బైక్' అనేది కూడా లెక్కేస్తే మూడు వంతుల్లో రెండు వంతులు నల్ల బైకే.

తర్వాత ఇంకో పని. ఎవరినైనా మీ బైక్ తొక్కమని చెప్పి రోడ్డు పక్క నిలబడి చూడండి. షూ ఎక్కడ కనిపిస్తుంది? ఫ్రేమ్ పై గొట్టం పక్కన కాదు. కింద, క్రాంక్ పక్కన, చెయిన్ తిరిగే పళ్ల చక్రం పక్కన, వెనక టైరుకి దగ్గరలో. నిమిషానికి 90 సార్లు తొక్కుతుంటే సెకనుకి ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో షూ మీద సన్న గీతలు, చిన్న లోగో, షూ బిగించే డయల్ చుట్టూ ఉన్న బంగారు రింగు, ఏవీ కంటికి ఆనవు. ఒక రంగు ముద్ద తిరుగుతూ కనిపిస్తుంది, అంతే. కాబట్టి షూలో 'బైక్ రంగు చిన్న టచ్ ఉంది' అని రెండు వేలు ఎక్కువ పెట్టకండి. ఆ టచ్ కనిపించేది బైక్ గోడకి ఆనించి మీరు కాఫీ తాగేటప్పుడే.

చీర బాడీ వదిలేసి అంచు పట్టుకోండి

అసలు కిటుకు ఇదే. పట్టుచీర కట్టేవాళ్లు జాకెట్టుని ఎక్కువగా అంచు రంగులో కుట్టించుకుంటారు, చీర బాడీ రంగులో అరుదు. బైక్‌కి ఫ్రేమ్ బాడీ. అంచు ఏమిటంటే మన ఒళ్లు తగిలే మూడు చోట్లు: చెయ్యి పెట్టే బార్ టేప్, కూర్చునే సీటు, కాలు పెట్టే షూ. ఈ మూడూ ఒక రంగు కుటుంబంలో ఉంటే ఫ్రేమ్ ఏ రంగైనా బైకూ మనిషీ ఒక జట్టులా కనిపిస్తారు.

షూ రంగుని ఫ్రేమ్‌తో కలపబోతే ఎందుకు చెడుతుందంటే, ఫ్రేమ్ లోహం మీదో కార్బన్ మీదో వేసిన పెయింట్, దాని మీద మెరుపు పూత. షూ మీద ఉన్నది సింథటిక్ తోలు, లేదా అల్లిన గుడ్డ. రెండూ వెలుతురుని ఒకేలా తిప్పికొట్టవు. షాపు లైట్ కింద అచ్చంగా కలిసిన రెండు రంగులు ఎండలోకి రాగానే విడిపోవచ్చు. అసలు కలవని రంగులు పక్కపక్కన ఉంటే 'కావాలని వేసుకున్నాడు' అనుకుంటారు. కలిసీ కలవని రంగులుంటే 'దొరకలేదు పాపం' అనుకుంటారు. నా టమాటా షూ మీద రెండేళ్లు పడిన చూపు అదే.

ఇక రంగుల వారీగా నా అభిప్రాయాలు. అందరూ ఒప్పుకోనక్కర్లేదు.

నల్ల బైక్‌కి నల్ల షూ తిరుగులేనిది. కాకపోతే తెల్లవారుజామున ఆరు లోపల తొక్కేవాళ్లు నిలువెల్లా నలుపులో ఉంటే వెనక వచ్చే లారీకి రోడ్డులో కలిసిపోతారు. చీలమండ దగ్గర రిఫ్లెక్టర్ పట్టీ కట్టుకోండి. పైకీ కిందకీ కదిలే కాలు మీద మెరుపు కనపడితే అది మనిషని డ్రైవర్‌కి తొందరగా తెలుస్తుంది. ఫ్లోరసెంట్ పసుపు షూ ఉంది కదా అనుకోవద్దు. అది వెలిగేది పగటి వెలుతురుకే, చీకట్లో మామూలు పసుపే.

నల్ల బైక్‌కి తెల్ల షూ కావాలంటే బైక్ మీద ఇంకెక్కడైనా తెలుపు ఉండాలి: అక్షరాల్లోనో, బార్ టేప్‌లోనో, కనీసం బాటిల్ మీదనో. లేకపోతే పాదాలు రెండూ విడిగా ఎగురుతున్నట్టుంటాయి. ఇంకో సంగతి, తెలుపు పాదాన్ని పెద్దగా చూపిస్తుంది. 45 సైజు తెల్ల షూ దూరం నుంచి రెండు పడవలు వస్తున్నట్టు ఉంటుంది. నలుపు తగ్గించి చూపిస్తుంది.

తెల్ల బైక్ సులువనుకుంటారు. కానీ పాల తెలుపు, మీగడ తెలుపు, నీలిమందు పెట్టిన తెలుపు మూడూ వేరు. మీగడ రంగు ఫ్రేమ్ పక్కన తళతళలాడే తెల్ల షూ పెడితే ఫ్రేమ్ పాతబడినట్టు కనిపిస్తుంది. అక్కడ బూడిద రంగో, నలుపో మేలు.

టైరు పక్క గోడలు బిస్కెట్ రంగులో ఉన్న బైక్‌లు ఇప్పుడు బాగా కనిపిస్తున్నాయి. వాటికి గోధుమ రంగు షూ వేద్దామనిపిస్తుంది. సీటూ బార్ టేప్ కూడా అదే తేనె రంగులో ఉంటేనే వేయండి. మూడింటిలో ఒకటి నలుపు ఉన్నా షూ కూడా నలుపే ఉండనివ్వండి.

చూసే కోణాన్ని బట్టి నెమలికంఠంలా మారే పెయింట్ ఉన్నవాళ్లకి అంత ఆలోచన అక్కర్లేదు. అది కంచిపట్టు, దాని పక్కన ఇంకో కంచిపట్టు పెట్టరు. సాదా నలుపు, తెలుపు, బూడిద, ఈ మూడింట్లో ఒకటి.

బియాంకి రంగు ఒక పాఠం

ఫ్రేమ్ రంగుతో కలపాలనే పట్టుదల ఎక్కువగా వచ్చేది బియాంకి ఉన్నవాళ్లకే. మిలాన్‌లో 1885లో మొదలైన ఈ కంపెనీ లేత నీలి-ఆకుపచ్చ రంగుని సెలెస్టే అంటారు. ఆ రంగు ఎలా పుట్టిందంటే ఒకరు ఇటలీ రాణి కళ్ల రంగంటారు, ఒకరు మిలాన్ ఆకాశమంటారు. ఏది నిజమైనా, ఆ రంగు అన్నేళ్లూ ఒకేలా లేదు. ఒక కాలం బైక్‌లో నీలం ఎక్కువ, ఇంకో కాలం బైక్‌లో పచ్చదనం ఎక్కువ. మెరిసే పెయింట్‌లో ఒకలా, మ్యాట్‌లో ఇంకోలా ఉంటుంది. సెలెస్టేకి సెలెస్టేనే కలవనప్పుడు వేరే కంపెనీ పుదీనా రంగు షూ కలుస్తుందని ఎలా అనుకుంటాం?

పాతకాలపు ఇటలీ రేసర్ ఫౌస్టో కోప్పీ ఈ రంగు బైక్ మీద గెలిచిన కాలంలో రేసర్ల కాళ్లకి ఉన్నవి నల్ల తోలు షూ. ఇటలీకే చెందిన మార్కో పంతానీ 1998లో రెండు పెద్ద రేసులు, జిరో డి'ఇటాలియా, టూర్ ద ఫ్రాన్స్, ఒకే ఏడాది గెలిచినప్పుడు తొక్కింది కూడా బియాంకినే, అందులో సెలెస్టే పక్కన పసుపు ఉంది. ఆ రంగుని అనుకరించకుండా పక్కన నిలబడే రంగు పెట్టారు. మీ దగ్గర సెలెస్టే ఉంటే నల్ల షూ, తెల్ల సాక్స్, సాక్స్ మీద ఒక్క సెలెస్టే గీత. సరిపోతుంది.

పాత స్టీల్ బైక్‌లకి కూడా చరిత్ర వైపే చూడాలి. లుక్ అసలు స్కీ బైండింగ్‌లు చేసే ఫ్రెంచ్ కంపెనీ. 1984లో ఆ కిటుకునే సైకిల్ పెడల్‌కి తెచ్చింది. మరుసటి ఏడాది ఫ్రెంచ్ రేసర్ బెర్నార్ ఈనో ఆ పెడల్స్‌తోనే టూర్ గెలిచాడు. అంతకుముందు పెడల్ మీద ఇనప పంజరం, దానికో తోలు పట్టీ, అందులో తాళ్లు కట్టిన నల్ల తోలు షూ. సన్న గొట్టాలు, వెండిలా మెరిసే క్రాంక్ ఉన్న బైక్ మీద డయల్ తిప్పే తళతళల షూ వేస్తే పంచె మీద స్పోర్ట్స్ షూ వేసినట్టుంటుంది. దానికి తాళ్ల షూనే అందం. 2010ల్లో తాళ్లు మళ్లీ ఫ్యాషన్‌లోకి వచ్చాయి కాబట్టి కార్బన్ అడుగున్న కొత్త షూలోనూ ఆ తీరు దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: తాడు కొసలు ముడి కిందకి దోపాలి, వదిలేస్తే చెయిన్‌లో పడతాయి.

మెరుపు, సాక్స్

ఫ్రేమ్ మ్యాట్ అయితే షూ కూడా మెరవనిది చూడండి. మ్యాట్ బైక్ మీద పేటెంట్ లెదర్‌లా మెరిసే షూ కన్ను గుచ్చుతుంది. మెరిసే ఫ్రేమ్‌కి మాత్రం మ్యాట్ షూ ఇబ్బంది పెట్టదు.

సాక్స్ చవకైన మందు. షూకీ బైక్‌కీ మధ్య మాట కలిపేది అదే. నల్ల షూ ఒక్కటి పెట్టుకుని నాలుగు రంగుల సాక్స్‌తో నాలుగు బైక్‌ల మీద నడిపించేయొచ్చు. ఫ్రేమ్ రంగు మీద మోజు తీరకపోతే ఆ రంగు సాక్స్‌లో తెచ్చుకోండి. కొంచెం తేడా వచ్చినా గుడ్డ కాబట్టి కన్ను క్షమిస్తుంది, డబ్బూ పెద్దగా పోదు. పొడవు మాత్రం పిక్క మొదలయ్యే దాకా ఉండాలి. చీలమండ కింద ఆగిపోయే సాక్స్ రోడ్ బైక్ మీద స్కూలు పిల్లాడి వాలకం తెస్తుంది. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ రేసుల్లో అయితే సాక్స్ ఎత్తుకీ కొలత ఉంది: చీలమండకీ మోకాలి పక్క ఎముకకీ మధ్య సగం దాటకూడదు. మనల్ని ఎవరూ టేపు పెట్టి కొలవరు, కానీ చూపుకీ అదే కొలత బాగుంటుంది.

మన రోడ్లకి తెల్ల షూ

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద తెల్ల షూ తెల్లగానే ఉంటాయి. కష్టం ట్రాక్ దాకా వెళ్లే దారితోనే. జూలైలో ఒక్క ఆదివారం చాలు, ఎర్రమట్టి నీళ్లు ముందు చక్రం నుంచి నేరుగా షూ మీదకే వస్తాయి. అనంతగిరి వైపు వెళ్లొస్తే చెప్పనే అక్కర్లేదు.

మట్టి కంటే మొండివి రెండు మరకలు. ఒకటి కుడి షూ లోపలి వైపు అంటే చెయిన్ నూనె. రెండోది మడమ లోపలి అంచున క్రాంక్ రాసుకునే నల్ల చార. ఆ చోట షూ కొన్న రోజే పారదర్శకమైన టేపు ముక్క అంటించండి. బైక్‌ల ఫ్రేమ్‌కి గీతలు పడకుండా వేసే రకం టేపు బాగా పనిచేస్తుంది. ఇంటికి రాగానే తడి గుడ్డతో తుడిచి, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, పాత టూత్ బ్రష్. నూనె మరకని మర్నాటికి వదిలేశారంటే అది ఇక పోదు. లోపలి అట్ట బయటికి తీసి, నలిపిన న్యూస్‌పేపర్ కుక్కి, ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. ఎండలో పెడితే తెలుపు పసుపెక్కుతుంది, జిగురూ వదులుతుంది. వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు.

ఇంత చాకిరీ మీ వల్ల కాదనుకుంటే ఎలకబొచ్చు రంగు షూ తీసుకోండి. తెలుపులా కుటుంబం కలుపుతుంది, మట్టిని దాచుకుంటుంది. ఎవరూ మెచ్చుకోరు, ఎవరూ తప్పూ పట్టరు.

షూ ఇప్పటికే కొనేశారా?

అయితే బైక్‌ని షూకి కలపండి. బార్ టేప్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, చుట్టడం ఒక సాయంత్రం పని. షూ రంగుకి దగ్గరైన టేప్ వేస్తే ఆ షూ ఒంటరిగా ఉండదు. ఇక్కడ రెండు రంగులూ గజం దూరంలో ఉంటాయి కాబట్టి కొద్ది తేడా పట్టుకోవడం కష్టం. తాళ్ల షూ అయితే తాళ్లు మార్చి చూడండి. అస్సలు కుదరకపోతే షూ మీద తొడిగే సాగే గుడ్డ కవర్లు ఉన్నాయి, నల్లవి. క్లీట్ కోసం అడుగున రంధ్రం ఉంటుంది. మంచి షూ మీద తొడుగేమిటని నవ్వేవాళ్లు నవ్వుతారు.

నా దానిమ్మగింజ బైక్‌కి నల్ల టేప్ తీసేసి తెల్లది చుట్టాను. సీటు మీద తెల్ల కుట్లు ముందే ఉన్నాయి. టమాటా షూ ఇంట్లో ట్రైనర్ మీద, అంటే బైక్‌ని ఉన్నచోటే నిలబెట్టి తొక్కే స్టాండ్ మీద, తొక్కడానికి పరిమితమయ్యాయి. టేప్ చుట్టడం అయ్యాక రెండు వైపులా జానెడేసి మిగులుతుంది. ఆ ముక్కలు పారేయకండి. కొత్త షూ కొనడానికి వెళ్లేటప్పుడు ఒకటి జేబులో పెట్టుకోండి, షాపుకి బైక్ మోసుకెళ్లే పని తప్పుతుంది.

నేను వెళ్లిన రోజు మొదట చూపించిన జత కాలికి సరిగ్గా పట్టింది. లోపల లైట్ల కింద టేప్ ముక్కతో కూడా కలిసింది. ఒక షూ, ఆ ముక్క పట్టుకుని గుమ్మం వైపు నడిచాను. "సార్, షూ బయటికి తీసుకెళ్లకూడదు" అంటూ షాపు కుర్రాడు వెనకే వచ్చాడు. గడప దగ్గరే ఆగి, వెలుతురులో రెండూ పక్కపక్కన పెట్టి చూశాను.

"దీని తెలుపు వేరు తమ్ముడూ, ఇంకోటి చూపించు" అన్నాను.